నాలుగో గుమ్మం

మొన్న శుక్రవారం ఎయిర్‌పోర్టు బస్టాపులో నిలబడి ఉంటే సాంబ్రాణి వాసన వచ్చింది. అక్కడ రావలసిన వాసన కాదది. డీజిలు పొగ, కాఫీ యంత్రం దగ్గర మాడిన పాలు, కొత్త సూట్‌కేసుల ప్లాస్టిక్కు, ఇవీ అక్కడుండే వాసనలు. తల తిప్పి చూస్తే ఒక పొడవాటి ఆవిడ ఒంటినిండా ముదురు నీలం గుడ్డ చుట్టుకుని, ట్రాలీ తోసుకుంటూ నా పక్కనుంచే వెళుతోంది. సొమాలియా ఆడవాళ్ళు ఉతికిన బట్టలకు సాంబ్రాణి పొగ పట్టించి మరీ కట్టుకుంటారు. ఆ వాసన ఒక పట్టాన వదలదు. నేను ఎక్కవలసిన బస్సు వదిలేసి ఆవిడ వెనకే నడిచాను. "హలీమా" అని పిలిచాను కూడా. ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది. హలీమా కాదు. ముక్కూ మొహం తెలియని మనిషి వెంట పడటమేమిటని నాకే సిగ్గేసింది. తప్పయిపోయిందన్నట్టు చెయ్యి ఊపి, వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఆ తరువాతి బస్సు వచ్చేదాకా నేను తలుచుకున్నది హలీమాని కూడా కాదు, దేవసహాయం సారుని.

సారును మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునే రూపం కాదు ఆయనది. పొట్టి మనిషి, మే నెలలో కూడా మెడదాకా బొత్తాలు పెట్టుకున్న పొడుగుచేతుల చొక్కా, భుజాన గుడ్డసంచి, ఎక్కి నడిపిన దానికన్నా దిగి తోసిందే ఎక్కువైన ఒక స్కూటరు. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక ఎయిర్‌పోర్టు దగ్గరి సాతంరాయిలో అక్క మార్తమ్మగారితో కలిసి ఉండేవారు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఎవరో ఒకరి ఇంటి ముందు ఫారాలు పట్టుకుని నిలబడటం. విదేశాల నుంచి వచ్చి ఇక్కడ ఇబ్బంది పడేవాళ్ళకు సాయం చేసే ఒక సంస్థ ఆయనకు సర్వేల పని అప్పగించేది.

నేను ఆ పనిలోకి వచ్చింది సేవ చేద్దామని కాదు. మా పుట్టిల్లు తెనాలి. పెళ్ళి నిలవలేదు. వెనక్కి వెళ్ళేసరికి ముగ్గురన్నయ్యలూ మూడు వేరు కుంపట్లు పెట్టుకుని ఉన్నారు. మూడిళ్ళలోనూ మర్యాదగానే భోజనం పెట్టారు, ఒక్క ఇంట్లోనూ నా పెట్టె ఎక్కడ పెట్టుకోమంటారో చెప్పలేదు. ఆ పెట్టె తీసుకుని శంషాబాద్ వచ్చి ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆడ సర్వేయర్లు కావాలని తెలిసి వెళితే, సారు నా చదువు గురించి అడగలేదు. ఎండలో నడవగలవా, ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే రాసుకోగలవా అని మాత్రం అడిగారు. రెండూ చేయగలనన్నాను. రెండోది అబద్ధం.

ఆ ఏడు సంస్థవాళ్ళు అడిగిన పని చిత్రమైనది. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఉన్న టర్కీవాళ్ళ ఆర్థిక పరిస్థితినీ, సొమాలియావాళ్ళ పరిస్థితినీ పోల్చి నివేదిక ఇవ్వాలి. రెండు వర్గాలూ ఒకే ఎయిర్‌పోర్టులో దిగాయి, గంట ప్రయాణం దూరంలోనే బతుకుతున్నాయి, మరి వీళ్ళలా వాళ్ళెందుకు నిలదొక్కుకోలేదు అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ కాగితం చదివి సారు నవ్వారు.

"ఒకలను కంపెనీ టికెట్ కొని తోలుకొచ్చింది. ఇంకొకలను యుద్ధం తరిమింది. ఒక్క రన్‌వే మీద దిగినంత మాత్రాన ఒక్కతీరు వచ్చినట్టా బిడ్డా?"

అయినా చేద్దామనే అన్నారు. అడగందే ఎవరి సంగతీ తెలియదు కదా అని ఆయన ధోరణి. నివేదికతో పాటు, బాగా ఇబ్బందిలో ఉన్న పది కుటుంబాల పేర్లు ఇస్తే వాళ్ళకు ఆర్నెల్ల ఇంటికిరాయి సంస్థే కడుతుందని కూడా కాగితంలో ఉంది. సారుకు నివేదిక మీద కన్నా ఆ పది పేర్ల మీదే ఎక్కువ మనసుండేది.

ఆయన నేర్పిన మొదటి పాఠం చెప్పులు చూడటం. తలుపు కొట్టే ముందు గుమ్మం దగ్గరి చెప్పుల్ని చూడమనేవారు. ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు, ఎవరు పనికి వెళ్ళారు, ఎవరు వచ్చిపోయే చుట్టాలు, అన్నీ అక్కడే తెలుస్తాయట. కంప్యూటర్ల కాలంలో ఈ చెప్పుల చదువేమిటని నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

మొదట వెళ్ళింది ఓర్హాన్ అనే టర్కీ అతని ఇంటికి. ఎయిర్‌పోర్టు దగ్గరి ఒక పెద్ద హోటల్లో రొట్టెల మాస్టరు. శంషాబాద్‌లో మూడో అంతస్తులో హోటలు వాళ్ళిచ్చిన ఫ్లాటు. గుమ్మం బయట ఒక్క చెప్పు కూడా లేదు. తలుపు తీసినతను మమ్మల్ని చూసి నవ్వి, గోడకున్న బీరువా తెరిచి ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు మా ఇద్దరి ముందూ పెట్టాడు. వాళ్ళ దేశంలో ఇంటికొచ్చినవాళ్ళకు అలా ఇవ్వడం మర్యాదట. బీరువాలో మూడు జతలున్నాయి. మూడూ కొత్తవే. కొట్టువాళ్ళు రెండు చెప్పుల్ని కలిపి కట్టిన ప్లాస్టిక్ దారం కూడా తెంపలేదు. అతను వంటింట్లోంచి కత్తెర తెచ్చి మా ఎదుటే ఆ దారాలు కత్తిరించాడు. సారు పాదాలు చిన్నవి. ఆ చెప్పుల్లో చిన్నపిల్లాడు నాన్న చెప్పులేసుకున్నట్టు తప్పటడుగులు వేస్తూ లోపలికి నడిచారు.

ఫారం చకచకా నిండింది. జీతం, ఇన్సూరెన్సు, ఏడాదికోసారి ఊరెళ్ళి రావడానికి టికెట్టు, అన్నీ ఉన్నాయి. ఫోనులో మాటలు తర్జుమా చేసుకుంటూ, చిన్న గ్లాసుల్లో టీ పోస్తూ ఓపిగ్గా చెప్పాడు. అన్ని ప్రశ్నలూ అయ్యాక సారు, ఫారంలో లేని ప్రశ్నొకటి అడిగారు. నిన్న ఎవరితో కలిసి తిన్నావు అని. ఆయన ప్రతి ఇంట్లోనూ ఇది అడిగి, వచ్చిన జవాబును అంచున పెన్సిలుతో రాసుకునేవారు. ఓర్హాన్ ఫోను రెండుసార్లు విన్నాడు. తరువాత ఆ ఫోనునే చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టి చూపించాడు. అందులో వాళ్ళమ్మ కనబడుతుందట, ఆమెను చూస్తూ తింటాడట. మేము లేచేటప్పుడు, మళ్ళీ వచ్చే వారం కూడా ప్రశ్నలుంటాయా అని అడిగాడు. లేవంటే అతని మొహం చిన్నబోయింది.

మెట్లు దిగుతూ, ఎంత జీతముంటే మాత్రం ఏం లాభం సార్, పాపం అన్నాను.

"పాపమే. గాని గీ పాపం వేరు, కిరాయి కట్టలేని పాపం వేరు. రెండిటిని కలుపకు" అన్నారు. నాలుగు మెట్లు దిగాక, "నువ్వు నిన్న ఎవరితోటి తిన్నవ్ బిడ్డా?" అని అడిగారు.

బస్సుకు టైమవుతోందండీ అని చెప్పి గబగబా ముందుకు నడిచాను. ఆయన ఆ ప్రశ్న నన్ను మళ్ళీ అడగలేదు. కాని ఆ వచ్చే ఆదివారం నుంచి మార్తమ్మగారు ఫోను చేయడం మొదలుపెట్టారు, కోడికూర వండిన, చర్చి విడిచినంక రా అని. నేను చర్చికి వెళ్ళే మనిషిని కాదని వాళ్ళిద్దరికీ తెలుసు. వంట మాత్రం ముగ్గురికే చేసేవారు. ఆ రోజుల్లో వారానికి ఒక్క పూటైనా నేను మనుషులతో కలిసి తిన్నానంటే అది వాళ్ళ పుణ్యమే.

సొమాలియావాళ్ళు ఉండే జల్‌పల్లి వంతు వచ్చేసరికి సారుకు కంటిలో పొర ముదిరి ఆపరేషన్ చేశారు. కంటిమీద ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ఇంట్లో పడుకున్నారు. నేనొక్కదాన్నే వెళ్ళాను. ఒక వాకిలి, దాని చుట్టూ నాలుగు గదులు, మూలన ఒక వంటగది. అందరూ సొమాలియావాళ్ళే, మొత్తం పదకొండుమంది. ఒక గదిలో హలీమా, ఆమె తొమ్మిదేళ్ళ కూతురు సాగల్. ఆ పిల్ల గుండెకు వైద్యం చేయించడానికి వచ్చి, తిరిగి వెళదామంటే అక్కడ ఊరే మిగలక ఇక్కడే ఉండిపోయారు. ఇంకో గదిలో ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు. మరొకదానిలో అబ్ది, అతని భార్య, ఇద్దరు పిల్లలు. అతను తమ దేశపు రోగులకు దవాఖానల్లో డాక్టర్ల మాటలు విడమరిచి చెప్పి నాలుగు డబ్బులు సంపాదించేవాడు. నాలుగో గదిలో ఒక ముసలి దంపతులు. శరణార్థి కార్డుతో ఉండొచ్చు గాని, ఆ కార్డు చూసి జీతం మీద పెట్టుకునేవాళ్ళు దొరకరు. హలీమా కుర్రాళ్ళకు సమోసాలు చేసి అమ్మేది, పెళ్ళికూతుళ్ళకు గోరింటాకు పెట్టేది.

నేను వెళ్ళిన వేళకు భోజనాలు. వాకిట్లో చాప మీద ఇంత పెద్ద స్టీలు పళ్ళెం, దాని నిండా అన్నం, మీద బంగాళాదుంపల కూర. చుట్టూ చేరి చేతులు పెట్టారు. హలీమా నన్ను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, నా వైపు అన్నంలో ఒక అరటిపండు ఒలిచి పెట్టింది. అన్నంలో అరటిపండేమిటని నేను మొహం అదోలా పెడితే సాగల్ పడీ పడీ నవ్వింది. అంతమంది మధ్య కూర్చుని అన్నం తిని నాకు ఎన్నేళ్ళయిందో. ఫారం మొదటి పేజీలో కుటుంబం అంటే ఏమిటో ఒక నియమం రాసి ఉంటుంది, ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళంతా ఒక కుటుంబం అని. మా ఇళ్ళల్లో ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. పొయ్యి ఒకటైతే కుటుంబం ఒకటి, పొయ్యి వేరైతే కుటుంబం ముక్కలైనట్టు. మా అన్నయ్యల కుంపట్లు కళ్ళముందు మెదిలాయి. ఆ పదకొండుమందినీ ఒకే కుటుంబంగా రాశాను. నియమం ప్రకారమే రాశాను. అంతకన్నా నిజం ఏమిటంటే, ఆ ఇల్లు ఒకటే కావాలని నాకు ఉండింది.

ఒకే కుటుంబమని రాశాక సంపాదనలన్నీ కలపాలి. కుర్రాళ్ళకు ఇళ్ళ నుంచి వచ్చేదీ, అబ్ది తెచ్చేదీ, సమోసాల మీద వచ్చేదీ ఒకే గడిలో పడ్డాయి. కాగితం మీద ఆ ఇల్లు ఫరవాలేదనిపించింది. ఆ వాడలో మిగతా ఇళ్ళకూ అదే చేశాను. అటువైపు టర్కీవాళ్ళు కంపెనీ ఫ్లాట్లలో ఎవరి పొయ్యి మీద వాళ్ళు వండుకునేవాళ్ళు, ఎక్కువమంది ఒంటి మనుషులు. రెండిటినీ పక్కన పెట్టి చూసి, రెండు వర్గాల కుటుంబ ఆదాయాల మధ్య తేడా మనం అనుకున్నంత లేదు అని ఒక వాక్యం తయారుచేశాను. ఆ వాక్యం చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను. సారు కంటి గుడ్డ కింద నుంచి తడుముకుంటూ సంతకాలు పెట్టారు. నువ్వు చూసినవు గద, చాలు అన్నారు.

పది పేర్ల జాబితాలో హలీమా పేరు లేదు. రెండు నెలలు గడిచాక అబ్ది సారుకు ఫోను చేశాడు, ఒకసారి రమ్మని. సారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని స్కూటరు తీయబోతే నేను వద్దని ఆటోలో తీసుకెళ్ళాను. వాకిట్లో అడుగుపెట్టి ఆయన ఆగిపోయారు. నేను ఆ మొదటిరోజు చూడని సంగతి ఆయన కళ్ళద్దాల్లోంచి నిలబడ్డచోటే చూశారు. చెప్పులన్నీ ఒకచోట లేవు. ఏ గుమ్మం ముందరివి ఆ గుమ్మం ముందు ఉన్నాయి. గుమ్మాలు నాలుగు. మూడిటి ముందే చెప్పులున్నాయి. నాలుగో గుమ్మానికి తాళం వేసి ఉంది. మొదటిరోజు నా చెప్పులు అక్కడే విడిచాను, హలీమా చెప్పుల పక్కన, సాగల్ గులాబీరంగు చెప్పుల పక్కన.

అబ్ది హైదరాబాదీ ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు. వీళ్ళ కాగితాల మీద గ్యాసు కనెక్షను రాదు. ఇంటి యజమాని పేరు మీద ఉన్నది ఒకటే, సిలిండరు ఒకటే, అందుకని వంట ఒకచోట. ఎవరి బియ్యం వాళ్ళే తెచ్చి పోస్తారు. కలిసి తింటారు గాని ఎవరి గది కిరాయి వాళ్ళదే. హలీమా మూడు నెలలది కట్టలేకపోయింది. జాబితా వస్తుంది, సంస్థవాళ్ళు కడతారు అని ఇంటాయనకు చెబుతూ వచ్చింది. ఆ అమ్మాయి నా పేరు రాసుకుని వెళ్ళింది కదా అనేదట. జాబితా వచ్చింది, అందులో ఆమె పేరు లేదు. పది రోజుల కిందట పిల్లను తీసుకుని, రెండు సంచులతో వెళ్ళిపోయింది. సాగల్‌కు రెండో ఆపరేషన్ తేదీ దగ్గర పడుతోంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నోరు ఊరుకోదు కదా. ఫారంలో నియమం అలాగే ఉందండీ, ఒక పొయ్యి ఒక కుటుంబం అని, అన్నాను.

సారు తాళం వైపే చూస్తూ, "మనకాడ అన్నదమ్ములు కొట్లాడుకుంటే రెండో పొయ్యి పెట్టుకుంటరు. వీళ్ళకు పెట్టుకుందామన్నా రెండో పొయ్యి లేదు బిడ్డా" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మరుసటి వారం సంస్థ ఆఫీసులో సమావేశం. నివేదిక అప్పటికే రంగుల అట్టతో అచ్చయి వచ్చింది. నా వాక్యాన్ని అట్టమీదే వేశారు. సారు లేచి నిలబడి, ఈ వాక్యం తప్పు, జాబితా కూడా తప్పు, జల్‌పల్లి ఇళ్ళన్నీ మళ్ళీ అడగాలి అన్నారు. అధికారికి మొహం ఎర్రబడింది. ఆ ఫారాలు నింపింది ఎవరు అని అడిగాడు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. లేవాలనుకున్నాను. లేవలేదు.

"కింద దస్తఖత్ నాది. నేనే చేసిన" అన్నారు సారు.

ఇళ్ళు మళ్ళీ అడిగారు. ఆ అడగడానికి నన్నే పంపారు. జాబితా మారింది, జల్‌పల్లిలో మూడు కుటుంబాలకు కిరాయి అందింది. హలీమాకు అందలేదు, అందించడానికి ఆమె అక్కడ లేదు. సారును మాత్రం సంస్థవాళ్ళు తరువాత ఏ పనికీ పిలవలేదు. పెద్దాయన, చూపు తగ్గింది అనుకున్నారు. ఒక ఆదివారం కోడికూర ముందు కూర్చుని, అలా ఎందుకు చెప్పారండీ అని అడిగాను. నా పేరు చెబితే నన్ను తీసేస్తారట, తనను తీసేస్తే తనకు పింఛను ఉందట. ఎకనామిక్స్ పాఠం చెప్పినట్టే చెప్పారు. "నువ్వు మల్ల పోయి అడగాలె. ఒక్కపారి తప్పిన దానివి, ఇగ జర చూసి రాస్తవ్" అని నా కంచంలో ఇంకో ముక్క వేశారు.

ఆ తరువాత శుక్రవారాలు ఇద్దరం జల్‌పల్లి వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నం నమాజు అయ్యాక సొమాలియావాళ్ళంతా మసీదు బయట కాసేపు నిలబడి మాట్లాడుకుంటారు. సారు ఒక్కొక్కరినే ఆపి హలీమా గురించి అడిగేవారు. ఢిల్లీ వెళ్ళిందని ఒకరు, బెంగుళూరని ఇంకొకరు, మహేశ్వరం దగ్గర ప్లాట్ల కాపలా గదిలో చూశామని మరొకరు. మహేశ్వరం వెళ్ళి ఆ గదులన్నీ తిరిగాం. వేరెవరో ఉన్నారు. నాలుగు నెలలయ్యాక నాకు వేరేచోట పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సెలవు దొరకదని చెప్పాను. నిజానికి అడిగితే దొరికేది. ఆ మసీదు బయట నిలబడటం నావల్ల కాలేదు, అంతే.

సారు నిరుడు వానాకాలంలో పోయారు. మట్టి చేశాక మార్తమ్మగారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. మోకాళ్ళు పనిచేసినన్నాళ్ళూ సారు ప్రతి శుక్రవారం జల్‌పల్లి వెళ్ళొచ్చేవారట. "నిన్నేమనలేదు బిడ్డా. దానికి పనుంటది, నేను పోయొస్త అనేటోడు" అన్నారామె. అక్కడికి అప్పటి సంస్థ అధికారి కూడా పూలదండతో వచ్చాడు. చాలా మంచి మనిషి, చివర్లో ఆ ఒక్క రిపోర్టులో వయసు మీదపడి పొరపాటు చేశారు గాని, అని పక్కాయనతో అంటున్నాడు. నాకు రెండడుగుల దూరంలోనే నిలబడి అన్నాడు. రెండోసారి కూడా నేను మాట్లాడలేదు.

పోయినవారి ఇంటివాళ్ళను ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక అయిన మర్నాడు, నా చేతిరాత ఉన్న పాత ఫారం నకలు తీసుకుని ఆ ఆఫీసుకు వెళ్ళాను. ఆ అధికారి అక్కడినుంచి ఎప్పుడో బదిలీ అయిపోయాడట. కొత్తాయన కుర్రవాడు, మర్యాదస్థుడు. నేను చెప్పిందంతా విని, ఆ ప్రాజెక్టు ఎప్పుడో ముగిసిపోయిందండీ, ఇప్పుడు ఎవరు చూస్తారు అన్నాడు. టీ తాగి వెళ్ళమన్నాడు. ఫారం ఆయన బల్లమీద పెట్టబోతే, మీ దగ్గరే ఉంచండి అని తిరిగి ఇచ్చేశాడు.

ఇప్పుడు కొత్తగా చేరే సర్వేయర్లకు శిక్షణ ఇవ్వడం నా ఉద్యోగం. ఈ కథే చెబుతాను వాళ్ళకు. ఒకమ్మాయి ఒకచోట ఇలా తప్పు రాసింది అని చెబుతాను. ఆ అమ్మాయి ఎవరని ఇంతవరకు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సాగల్‌కు ఆ ఆపరేషన్ జరిగిందో లేదో నాకు తెలియదు. బతికి ఉంటే ఇప్పుడు పెద్దపిల్ల అయి ఉంటుంది. నా మాట వినవలసిన వాళ్ళలో ఒకాయన మట్టిలో ఉన్నారు, ఒకామె ఎక్కడుందో తెలియదు, ఆఫీసువాళ్ళకు అక్కరలేదు. అందుకే సారును ఎన్నడూ చూడని మీకు చెబుతున్నాను. జల్‌పల్లిలో ఆ వాకిట్లో ఉన్నవి నాలుగు కుటుంబాలు. ఒకటని రాసింది దేవసహాయం సారు కాదు. నేను.